పిల్లల దుకాణం, పద్దు పుస్తకం

(ఒక ఉన్నత పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠం)



వార్షికోత్సవం నాడు విద్యార్థులే దుకాణాలు నడిపి, వచ్చిన లాభంతో పదవ తరగతిలోని పేద పిల్లల పరీక్ష రుసుము చెల్లించాలని ఉపాధ్యాయులు సంకల్పించారు. "చదువుకోవలసిన పిల్లల చేత సమోసాలు అమ్మించడమేమిటి?" అని కొందరు తల్లిదండ్రులు ప్రశ్నించారు. ఆ ప్రశ్నను నేను తేలికగా తీసివేయను. బడి మాని పనిలో కుదిరిన పిల్లలను మన బస్తీలలో ఎందరినో చూస్తున్నాము. పద్నాలుగేళ్లలోపు వారిని పనిలో పెట్టుకోవడాన్ని 2016 నాటి సవరణ చట్టం నిషేధించింది. బడి వేళల తరువాత కుటుంబ వ్యాపారానికి సాయపడటాన్ని మాత్రం మినహాయించింది. ఏడాదికొక పూట బడి ఆవరణలో నడిచే దుకాణం బాలకార్మికత్వం కాదు. అదే వారాల తరబడి సాగితే మొదట అడ్డుపడేది నేనే.

అమెరికాలో అలెగ్జాండ్రా స్కాట్ అనే పాపకు మొదటి పుట్టినరోజు రాకముందే క్యాన్సర్ బయటపడింది. 2000లో, నాలుగేళ్ల వయసున, అన్న సాయంతో ఇంటి ముందు నిమ్మరసం అమ్మి రెండు వేల డాలర్లకు పైగా కూడబెట్టి, ఆ వ్యాధిపై పరిశోధనకు ఇచ్చింది. 2004 ఆగస్టులో ఎనిమిదేళ్లకే కన్నుమూసింది. అప్పటికి ఆమె పేరుతో వెలసిన దుకాణాల ద్వారా పది లక్షల డాలర్లు సమకూరాయి. అంత సొమ్ము నిమ్మరసం రుచికి రాలేదు. ఆ డబ్బు దేనికి వెళ్తుందో కొన్నవారికి తెలుసు.

జీవితమంతా దస్త్రాల నడుమ గడిపినవాడిని. కాబట్టి లెక్కల గురించి కొంత ఎక్కువ మాట్లాడతాను, మన్నించండి. నూరు సమోసాలు పది రూపాయల చొప్పున అమ్మితే వచ్చేది వెయ్యి. పిండికి, నూనెకు, గ్యాసుకు అయిదు వందల యాభై ఖర్చయితే లాభం నాలుగు వందల యాభై మాత్రమే. సరుకంతా అమ్మీజాన్ వంటింటి నుండి వచ్చిందని ఖర్చు రాయకుండా "వెయ్యి సంపాదించాము" అనకూడదు. ఆ అయిదు వందల యాభై అమ్మ ఇచ్చిన విరాళం. ఆమె పేరనే రాయండి. ఇరవై సమోసాలు మిగిలిపోతే ఆ నష్టమూ పుస్తకంలో కనబడాలి. డబ్బు తీసుకొనేవారు ఒకరు, పద్దు రాసేవారు మరొకరు ఉండటం మేలు. ఇద్దరూ స్నేహితులైనా సరే!

పెద్దలకు ఒక మాట. దుకాణంలో వస్తువు కొని, దాని వెలను జకాత్ కింద జమ కట్టుకోకండి. వస్తువు తీసుకొని ఇచ్చినది వెల మాత్రమే. జకాత్ ఇవ్వదలచినవారు అర్హులను చూసి వేరుగా ఇవ్వండి.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టే విషయం వేరు. ఈ బడిలోనే సాయంత్రం తండ్రి తోపుడు బండి వద్ద నిలబడే పిల్లలున్నారు. తోటివారు చూస్తారేమోనని ముఖం తిప్పుకొనేవారూ ఉన్నారు. కలిగిన ఇంటి బిడ్డ ఒక పూట సరదాగా అమ్మితే చప్పట్లు, లేని ఇంటి బిడ్డ రోజూ అమ్మితే చిన్నచూపా? ధర కట్టడం, చిల్లర లెక్కించడం, బేరం తెగనాడక కొనుగోలుదారును ఒప్పించడం వారికి తెలిసినంత మనకు తెలియదు. ప్రతి దుకాణానికి అటువంటి విద్యార్థిని పెద్దగా నిలపండి. పెట్టుబడి తెమ్మని మాత్రం వారిని అడగకండి. దానిని పాఠశాల నుండి బదులుగా ఇచ్చి, అమ్మకం ముగిశాక తీసుకోవచ్చు.

రుసుము ఎవరికి చెల్లించామో వేదికపై చదవవద్దు, ఛాయాచిత్రాలు తీయవద్దు. ఎందరికి, ఎంత అన్నది చాలు. ప్రధానోపాధ్యాయుల వద్ద మాత్రం పేర్లు, రసీదులు భద్రంగా ఉండాలి.

ఉత్సవం ముగిసిన మూడవ రోజున జమాఖర్చుల పట్టికను ప్రకటన పలకపై అంటించండి. కూడికలు సరిచూడటానికి నేను కళ్లద్దాలతో సహా వస్తాను.