ఒంటి కావలివారు – టీ కణములు



మెట్రిక్యులేషనుతో చదువు చాలించి గూడ్సు ఆఫీసులో గుమాస్తాపని చేసుకొను మేము వైద్యమును గూర్చి మాటలాడుట సాహసమే. కాని మా ఇంట జరిగిన సంగతులే మా చేత ఈ విషయము చదివించినవి.

మా రెండవవానికి పుట్టగానే బి.సి.జి. టీకా వేసిరి. మూడు వారములకు జబ్బమీద పొక్కు లేచి పుండైనది. మా అమ్మగారు హడలి పసరు పూయబోగా, మందు పని చేయుచున్నది, ముట్టుకొనవలదని నర్సు వారించినది. పని చేయునదెవరు?

తెల్లకణములలో లింఫోసైటులను జాతి కలదు. అందు టీ కణములు ఎముకల మూలుగలో పుట్టి, రొమ్ముటెముక వెనుకనున్న థైమస్ గ్రంథిలో తరిఫీదు పొందును. ఈ గ్రంథి పనికిమాలినదని పెద్ద వైద్యులే చాలకాలము తలచిరి. 1961లో లండనులో జాక్ మిల్లర్ అను పరిశోధకుడు అప్పుడే పుట్టిన చిట్టెలుకలకు దానిని తీసివేయగా, అవి అంటురోగములతో చిక్కి చచ్చినవి. పరాయి ఎలుక చర్మ మతికించినను వాని దేహము త్రోసివేయలేదు. కావలివారి బడి అదేనని అప్పుడు తేలినది. ఆ బడిలో చేరినవానిలో నూటికి 95కు పైగా బయటికి రానేరావు. స్వంత దేహముపై తిరుగబడునవి, దేనిని గుర్తుపట్టలేనివి అక్కడనే నశించును. మా డిపార్టుమెంటు పరీక్షలలో కూడ ఇంతమంది తప్పరు!

గట్టెక్కినవానిలో హంతక కణములు టి.టి.ఇ. వంటివి. దేహములో దాదాపు ప్రతి కణమును తన లోపలి మాంసకృత్తుల తునకలను పైన చూపుచుండును. అందు వైరస్ తునక కనబడెనా, ఆ కణమును చంపివేయును. సహాయక కణములు మా కంట్రోలు ఆఫీసు వంటివి. కంట్రోలరు బండి నడపడు. ఆ ఫోను మూగబోయిన మాత్రము బండ్లన్నియు నిలిచిపోవును. హెచ్.ఐ.వి. నాశనము చేయునది వీనినే. ఘనమిల్లీమీటరు రక్తములో అవి 200కు దిగువనైనచో, ఆరోగ్యవంతుని ఏమియు చేయలేని క్రిములు కూడ పైబడును.

క్షయక్రిమి ఊపిరితిత్తులలో చేరినను, చాలమందిలో టీ కణములు ఇతర కణములను పిలిచి దాని చుట్టు గోడ కట్టించును. మా నాయనగారికి చక్కెరవ్యాధివలన ఆ గోడ సడలినది. చెల్లెలి సంబంధము చెడునేమోయని వారు రెండు నెలలు దగ్గును దాచిరి. తరువాత ఆరు నెలలు మాత్రలు మింగి కోలుకొనిరి. ఇప్పుడు రెండవ వరుసలో కూర్చున్నారు. ఈ మాట చెప్పుమన్నది వారే.

మనదేశమున బి.సి.జి. మొదట, 1948లో, వేసిన తావులలో మన మదనపల్లె ఒకటి. పసివారిని మెదడు క్షయనుండి అది బాగుగా కాపాడును. పెద్దవారి ఊపిరితిత్తులకు మాత్రము దానిని నమ్ముకొనరాదు. రెండు వారములు మించి దగ్గున్నచో కళ్లె పరీక్ష చేయించవలెను. సర్కారు ఆస్పత్రిలో పరీక్షయు మందులును ఉచితమే. ఒంటరిగా పోవుటకు బిడియపడువారుందురేని, సాయంకాలము ఆరు దాటిన పిమ్మట మా క్వార్టరు తలుపు తట్టుడు, మేము తోడు వత్తుము.