ఉపగ్రహానికి చేను కనబడుతుంది, రైతు కనబడడు
(తుని రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఊడ్పుల పనులు వదులుకుని వచ్చారు కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను. మనం ఎక్కడ వరి వేశాం, ఎప్పుడు ఊడ్చాం, ఎంత పండొచ్చు అన్నది ఇవాళ ఆకాశం నుంచి లెక్క కడుతున్నారు. 2023 ఖరీఫ్ నుంచి ప్రధానమంత్రి ఫసల్ బీమాలో వరి దిగుబడి తేల్చేటప్పుడు ఈ లెక్కని కూడా కలుపుతున్నారు. అంటే ఇది శాస్త్రవేత్తల గొడవ మాత్రమే కాదు, మనకి రావాల్సిన పరిహారం గొడవ.

ముందు అది ఎలా చూస్తుందో తెలుసుకుందాం. సార్వా రోజుల్లో మబ్బు పట్టి ఉంటుంది. మామూలు కెమెరా పనిచేయదు. అందుకని వరికి రాడార్ ఉపగ్రహాలు వాడతారు. అవి తరంగాన్ని కిందకి పంపి, తిరిగొచ్చినదాన్ని కొలుస్తాయి. మబ్బయినా, చీకటయినా వాటికి అడ్డం కాదు. ఇస్రో 2012లో రీశాట్-1ని, 2022లో ఈఓఎస్-04ని పంపింది. ఐరోపా వాళ్ల సెంటినెల్-1 2014 నుంచి తిరుగుతోంది. నాసాతో కలిసి తయారుచేసిన నైసార్‌ని 2025 జులైలో శ్రీహరికోట నుంచి వదిలారు.

దమ్ము చేసి నీళ్లు నిలిపిన మడి అద్దం లాంటిది. తరంగం పక్కకి జారిపోతుంది, చిత్రంలో మడి నల్లగా పడుతుంది. నాటిన చేను దుబ్బు కట్టేకొద్దీ తెల్లబడుతుంది. ఈ మార్పే వరికి గుర్తు. చేపల చెరువైతే ఎప్పుడు చూసినా నల్లగానే ఉంటుంది.

ఇక లోపాలు. సెంటినెల్ చిత్రంలో ఒక గడి పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, అంటే సుమారు రెండున్నర సెంట్లు. పది సెంట్ల మడికి నాలుగు గడులే. గట్టు, గట్టు మీది చెట్టు, పక్కవాడి మడి అన్నీ అందులో కలిసిపోతాయి. తాండవ ఆయకట్టులోనూ, చెరువుల కిందా మన మడులు ఎంతెంతో మీకు తెలుసు. వెదజల్లిన చేను ఊడ్చిన చేనులా కనబడదు. పైకి బాగున్న వెన్నులో తాలు ఎంతో, తడిసిన పన మీద మొలకెత్తిన గింజ ఎంతో పైనుంచి తెలియదు.

ఒక లెక్క చూడండి. మన ఊరికి బీమా కట్టిన హామీ దిగుబడి ఎకరాకి 20 బస్తాలు అనుకుందాం. పంటకోత ప్రయోగంలో 12 వచ్చాయి. నష్టం 40 శాతం. ఉపగ్రహం 18 అని చెప్పింది. నిబంధన ప్రకారం దానికి కనీసం 30 శాతం విలువ ఇవ్వాలి. అప్పుడు దిగుబడి 13.8 బస్తాలవుతుంది, నష్టం 31 శాతానికి దిగుతుంది. పొలంలో పోయింది పోగా, కాగితం మీద మళ్లీ పోయింది.

అలాగని ఉపగ్రహం వద్దనడం లేదు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. అలాంటప్పుడు ఏ చేలు మునిగాయో, ఎన్నాళ్లు నీళ్లలో ఉన్నాయో రాడార్ చిత్రమే మనకి సాక్ష్యం. 2018లో తీసేసిన వరి ముంపుని 2026 ఖరీఫ్ నుంచి మళ్లీ స్థానిక విపత్తుల్లో చేరుస్తామని కేంద్రం ప్రకటించింది. ఆ సాక్ష్యం రైతుకి కూడా అందాలి.

ఇంకో మాట. ఉపగ్రహానికి చేను కనబడుతుంది, దున్నేవాడు కనబడడు. కౌలు రైతు పేరు ఆకాశం నుంచి దిగదు, ఈ-పంట నమోదు నుంచే రావాలి. 2019 సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం దొరకని వాడు చిత్రంలో పచ్చగా ఉంటాడు, జాబితాలో ఉండడు.

కాబట్టి మనం చేయాల్సినవి మూడు. ఈ-పంటలో పేరు, సర్వే నంబరు, ఊడ్చిన తేదీ సరిచూసుకోండి. పంటకోత ప్రయోగం రోజున చేలో ఉండి, తూకం కళ్లారా చూసి రాసుకోండి. చేను మునిగితే 72 గంటల్లోపు ఫొటోలతో సహా తెలియజేయండి.

ప్రభుత్వాన్ని మనం అడిగేది కూడా సూటిగానే ఉంది. కోత ప్రయోగం లెక్క, ఉపగ్రహం లెక్క రెండూ ఊరి వారీగా రైతు సేవా కేంద్రం గోడ మీద పెట్టాలి. రెండింటికీ తేడా వస్తే అభ్యంతరం చెప్పుకోవడానికి గడువివ్వాలి. మన చేను బొమ్మ తీసినప్పుడు, ఆ బొమ్మ చూసే హక్కు మనకి ఉంది.