హాజరు పట్టీలో కొట్టేసిన పేరు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రెండు మాటలు మాట్లాడమన్నారు. నేను ఒక చేప సంగతి చెప్తాను. జైనూర్‌లో నిలబడి సముద్రపు చేప గురించి ఏం చెప్తాడని నవ్వకండి. చివరికి మన బడికే వస్తాను.

2020లో లాక్‌డౌన్ రోజుల్లో మా అమ్మాయి 'యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్' అనే వీడియో గేమ్ ఆడేది. అందులో కాల్పులు, కొట్లాటలు ఉండవు. ఒక దీవిలో ఇల్లు కట్టుకోవాలి, చెట్లు నాటాలి, చేపలు పట్టాలి. పట్టిన రకానికి ఒకటి చొప్పున అక్కడి మ్యూజియానికి ఇవ్వొచ్చు. అక్కడ ఒక గుడ్లగూబ వాటిని తీసుకుంటుంది. ఆ చేపల్లో ఒకటి సీలకాంత్. వాన పడుతున్నప్పుడే సముద్రంలో దొరుకుతుంది. అమ్మితే ఆ ఆటలో చెల్లే డబ్బు 15,000 బెల్స్ వస్తాయి. మా అమ్మాయి వాన కోసం ఎదురుచూసి చూసి దాన్ని పట్టింది. అమ్మకుండా మ్యూజియానికి ఇచ్చేసింది.

"నాన్నా, ఇది నిజంగా ఉందా?" అని అడిగింది. నేను ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "ఆటలోదే బిడ్డా, నిజంగా లేదు" అన్నాను.

మర్నాడు తనే వెతికి నాకు పాఠం చెప్పింది. సీలకాంత్ నిజమైన చేపే. ఒకప్పుడు శాస్త్రవేత్తలకు అది రాళ్లలో శిలాజంగానే తెలుసు. డైనోసార్లతో పాటే, 6.6 కోట్ల ఏళ్ల క్రితం అంతరించిందని అనుకున్నారు. 1938 డిసెంబర్ 22న దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ రేవులో, వలలో పడ్డ చేపల కుప్ప కింద నీలిరంగు రెక్క ఒకటి కనిపించింది. చూసింది అక్కడి చిన్న మ్యూజియంలో పనిచేసే మార్జరీ కోర్ట్‌నీ లాటిమర్. చేప ఒకటిన్నర మీటర్ల పొడవుంది. మామూలు చేపే అని తీసిపారేసినవాళ్లూ ఉన్నారు. ఆమె వదల్లేదు. బొమ్మ గీసి జె.ఎల్.బి. స్మిత్‌కు ఉత్తరం రాసింది. ఆయన గుర్తుపట్టి, ఆమె పేరు మీదనే దానికి లాటిమేరియా అని పేరు పెట్టారు. రెండోది దొరకడానికి 14 ఏళ్లు పట్టింది. 1952లో కొమొరోస్ దీవుల దగ్గర దొరికింది. 1990ల చివర ఇండోనేషియాలో ఇంకో జాతి కూడా బయటపడింది.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. మన పాత ఆదిలాబాద్ జిల్లా తూర్పు అంచున పారే ప్రాణహిత తెలుసు కదా. ఆ లోయలో కోట శిలలని జురాసిక్ కాలపు రాళ్లున్నాయి. సిరొంచ దగ్గరి కోట అనే ఊరి పేరు మీద వాటికా పేరు వచ్చింది. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఎస్.ఎల్. జైన్ 1974లో ఆ రాళ్లలోని ఒక శిలాజ చేపకు ఇండోసీలకాంతస్ రోబస్టస్ అని పేరు పెట్టారు. మన దేశంలో బయటపడ్డ మొదటి సీలకాంత్ శిలాజం అదే. అది సముద్రపు చేప కూడా కాదు, అప్పటి మంచినీళ్లలో బతికింది. అదే శిలల్లో దొరికిన డైనోసార్‌కు మన యామన్‌పల్లి పేరు కలిపి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అన్నారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. నా బిడ్డ జపాన్ వాళ్ల ఆటలో పట్టిన చేప చుట్టం మన జిల్లా పక్క రాళ్లలోనే ఉంది. నేనేమో లేదన్నాను. వెతికి చూసి అన్న మాట కాదది.

ఇక మన బడి సంగతి. ఈ సభకు పిలవాల్సినవాళ్ల జాబితా రాసినవాళ్లలో నేనూ ఒకణ్ని. మా బ్యాచ్‌కు పదో తరగతి పాసైనవాళ్ల పేర్లు చూసి రాశాను. పోయిన నెల సంతలో ఒకాయన ఎదురయ్యాడు. నేను గుర్తుపట్టలేదు, ఆయనే పట్టాడు. "నాకు కార్డు రాలే. ఏడో తరగతి దాకా నేను గూడ ఈడనే చదివిన గదా. గేటు కాడి యాపచెట్టుకు బోరింగు నీళ్లు మోసింది మనమిద్దరమే" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే నాకు ఇంకా బాధనిపించింది.

అప్పుడు నేను క్లాస్ లీడర్‌ను. పత్తి చేన్లకు పోయి వరసగా నెల రోజులు రాకపోతే, సారు చెప్పగా ఎర్ర సిరాతో ఆయన పేరు కొట్టేసింది నేనే. పేరు కొట్టేశాక మనిషి కూడా లేడనుకున్నాను. ఇన్నేళ్లూ ఆయన ఇక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాడు.

సంఘానికి నాది ఒకటే విన్నపం. మన జాబితాను పదో తరగతి ఫలితాల్లోంచి కాదు, అడ్మిషన్ రిజిస్టర్లోంచి రాద్దాం. ఈ గేటు లోపలికి ఒక్క రోజు వచ్చినవాళ్లయినా మనవాళ్లే. గూడేల్లో, తండాల్లో, పక్క జిల్లాల్లో ఎక్కడున్నారో బ్యాచ్‌కు ఇద్దరు చొప్పున తిరిగి వెతుకుదాం. మా బ్యాచ్ పని నేను తీసుకుంటాను, ఇప్పటికి పదకొండు పేర్లు రాశాను.

సైన్స్ గదిలో ఒక అద్దాల బీరువా పెట్టిస్తాను. అందులో మొదట ప్రాణహిత చేప బొమ్మ పెడదాం. పిల్లలూ, ఎవరైనా పెద్దవాళ్లు "అది లేదు" అంటే, "వెతికి చూశారా?" అని అడగండి. మొదట నన్నే అడగండి.

చివరగా ఒక మాట. ఆ మిత్రుడు ఈ రోజు వచ్చాడు. వెనక వరసలో, వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. అన్నా, ముందుకు రా. నీ కుర్చీ ఇక్కడుంది.