ఒకే పంపు, ఎన్నో యంత్రాలు

వర్క్‌షాపులో ఒక ప్రెస్సు, రేకులు వంచే యంత్రం, రేకులు కోసే యంత్రం ఉన్నాయనుకుందాం. మూడూ హైడ్రాలిక్‌వే. మరి మూడింటికీ మూడు పంపులు కావాలా? అక్కర్లేదు. ఒకే పవర్ ప్యాక్ చాలు.

పవర్ ప్యాక్ అంటే మోటారు, పంపు, ఆయిల్ ట్యాంకు, రిలీఫ్ వాల్వు. పంపు ఆయిల్‌ను పైపుల్లోకి తోస్తుంది. ఒక్కో యంత్రానికి ఒక్కో కంట్రోల్ వాల్వు ఉంటుంది. ఏ వాల్వు తెరిస్తే ఆ యంత్రానికి ఆయిల్ అందుతుంది.

ఇక్కడ రెండు మాటలు ముఖ్యం. బలం ఇచ్చేది పీడనం. వేగం ఇచ్చేది ప్రవాహం.

రెండు యంత్రాలు ఒకేసారి కదిలితే ప్రవాహం చీలిపోతుంది. వేగం తగ్గుతుంది. పైగా ఆయిల్, పల్లానికి పారే నీటిలాగా, అడ్డు తక్కువ ఉన్న వైపే ముందు పోతుంది. తేలిక పని ముందు జరుగుతుంది. బరువు పని ఆగిపోతుంది. అందుకే ఫ్లో కంట్రోల్ వాల్వులు పెడతారు. తక్కువ పీడనం చాలిన యంత్రానికి పీడనం తగ్గించే వాల్వు వేరే ఉంటుంది.

ఈ పద్ధతి కొత్తది కాదు. లండన్‌లో 1883లో ఏర్పడిన ఒక సంస్థ వీధుల కింది గొట్టాల్లో అధిక పీడనంతో నీరు పంపి క్రేన్లను, లిఫ్టులను నడిపింది. ఆ సేవ 1977 దాకా సాగింది.

పంపు ఎంపికకు సూత్రాలు రెండు. ఒకేసారి నడిచే యంత్రాలన్నిటికీ సరిపడే ప్రవాహం ఉండాలి. అన్నిటికంటే బరువైన పనికి సరిపడే పీడనం ఉండాలి. రిలీఫ్ వాల్వు మాత్రం తప్పనిసరి. పీడనం హద్దు దాటకుండా కాపాడేది అదే.