ఎలుకలు రాలినచో వెంటనే కబురు చేయుడు

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

గ్రామ పంచాయతీ సభ్యులారా,

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతములలో ఎలుక యనగానే రైతునకు ముందుగా తోచునది వేరుసెనగ చేను, ధాన్యపు గాదె. ఆ నష్టము మీరెరిగినదే. నేడు నేను మనవి చేయదలచినది ఎలుక వలన మనిషి ప్రాణమునకు కలుగగల ముప్పును గూర్చి. దాని పేరు ప్లేగు.

1896లో బొంబాయిలో తలయెత్తిన ఈ వ్యాధి 1898లో రైలు మార్గమున బెంగళూరు చేరినది. జనులు ఇండ్లు విడిచి బయలున పాకలు వేసికొనిరి. ప్లేగమ్మకు గుడులు కట్టిరి. వ్యాధి యెట్లు వచ్చునో నాడు సామాన్యులకు తెలియదు. 1894లోనే హాంకాంగులో యెర్సిన్ అను శాస్త్రజ్ఞుడు దాని సూక్ష్మజీవిని కనుగొనెను. 1898లో కరాచీలో సిమోన్ అను ఫ్రెంచి వైద్యుడు దాని త్రోవను కనిపెట్టెను. ఎలుక ఒంటిపై రక్తము త్రాగి బ్రతుకు, రెక్కలు లేని చిన్న దూకుడు పురుగు కలదు. ఎలుక చచ్చి దేహము చల్లబడగానే అది వెచ్చని మరియొక దేహమును వెదకుకొనును. ఆ దేహము మనిషిది కావచ్చును.

1966లో పొరుగుననే యున్న కోలారు జిల్లాలో రోగులు కనబడిన పిమ్మట దేశమున చాలకాలము ప్లేగు మాట వినబడలేదు. కాని 1994లో సూరతులోను, 2002లో హిమాచల ప్రదేశమునను, 2004లో ఉత్తరకాశి జిల్లాలోను మరల కనబడెను. నడుమ ఇన్నియేండ్లు అది యెచట దాగినది? పొలములలోని కలుగులందు! వెనుక కాళ్ళపై గంతులు వేయుచు, కుచ్చు తోక గల పొలపు ఎలుక దీనికి ఆశ్రయమని పరిశోధకులు తలంచుచున్నారు. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలియు మన సరిహద్దు ప్రాంతము ప్లేగు నిఘాలో నున్నది. ఇచటి అడవి ఎలుకల రక్తమున ఆ వ్యాధి జాడలు అప్పుడప్పుడు పరీక్షలలో కనబడినవి. జాడ కనబడుట వేరు, వ్యాధి ప్రబలుట వేరు. భయపడ నక్కరలేదు, ఏమరియుండరాదు.

ఇక మీ కర్తవ్యము. గ్రామమున కారణము తెలియక ఎలుకలు గుంపుగా చచ్చి పడినచో ఆనాడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు కబురు చేయవలెను. చచ్చిన ఎలుకను వట్టి చేతితో ముట్టరాదు. పిల్లలను, కుక్కలను దరి చేరనీయరాదు. ఆరోగ్య సిబ్బంది వచ్చువరకు దానిని పారవేయరాదు. పరీక్షకు అది కావలసియుండును. అట్టి సమయమున తొందరపడి ఎలుకలకు విషము పెట్టుట మిక్కిలి ప్రమాదకరము. ఎలుకలు చచ్చినచో పురుగులన్నియు మనుష్యుల మీదికి వచ్చును. కలుగులలో మందు చల్లి ముందు పురుగును, పిదప ఎలుకను చంపవలెను. ఈ క్రమము మరువకుడు.

హఠాత్తుగా తీవ్రజ్వరము వచ్చి, గజ్జలలోనో చంకలోనో నొప్పితో బిళ్ళ కట్టినచో రోగిని తక్షణమే వైద్యునికి చూపవలెను. త్వరగా మొదలు పెట్టినచో మందులతో ప్లేగు నయమగును. ఆలస్యమైనచో ఊపిరితిత్తులకు ప్రాకి, దగ్గు ద్వారా ఇతరులకు అంటవచ్చును.

కలుగులు త్రవ్వి ఎలుకలు పట్టుటలో యానాదులు నేర్పరులు. పొలములో వచ్చిన మార్పు ముందుగా వారి కంటనే పడును. వారిని అనుమానింపకుడు; వారి మాట వినుడు, వారి ఆరోగ్యమును ముందు కాపాడుడు.

“కబురు చేసినచో ఊరికి చెడ్డపేరు వచ్చును, మదనపల్లె మార్కెట్టులో మా టమోటా కొనువారుండరు, మా పాలు పోయించుకొనరు” అని కొందరు వెనుదీయవచ్చును. ఈ భయము నిరాధారము కాదు. ఆ మాట అనువారిని కసరుకొనకుడు. కాని నాలుగు ఎలుకల వార్త నాలుగు నాళ్ళలో తీరిపోవును. దాచిన వ్యాధి దాగియుండదు. 1994లో వదంతులకు వెరచి సూరతు నగరము నుండి లక్షల జనులు పారిపోయిరి. కుప్పము నుండి పనికై బెంగళూరికి రైలెక్కువారు నేడెందరో మీకు తెలియును. ఒక గ్రామము దాచినది ఒక పూటలో పట్టణము చేరగలదు.

కావున రానున్న గ్రామసభలోనే ఈ విషయమును చదివి వినిపింపుడు. ఎలుకలు రాలినచో కబురు ఎవరు చేయవలెనో, ఎవరికి చేయవలెనో పేరుతో సహా నిర్ణయించి, పంచాయతీ కార్యాలయపు గోడమీద వ్రాయించుడు. ఆ ఒక్క పంక్తి వ్రాయించుటకు ఖర్చు స్వల్పము; అది కాపాడునది ఊరి ప్రాణము.