లోపలి బొమ్మ - లెక్కల సాక్ష్యం

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



శరీరం లోపలి బొమ్మలు ఎలా తీస్తారు, వాటిలోని సమాచారాన్ని ఎలా లెక్కగట్టి అర్థం చేసుకుంటారు అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు మమ్మల్ని కోరారు. మేము డాక్టర్లము కాము, బడిపంతులము. అందుచేత రోగాల సంగతి డాక్టర్లకే విడిచి, బొమ్మ వెనుక వున్న లెక్క సంగతి చెబుతాము. ఆ లెక్క మన ఇళ్ళకు ఎందుకు కావాలో కూడా చెబుతాము.

స్కానింగ్ అంటే లోపల ఫోటో తీయడమని చాలామంది అనుకుంటారు. అది ఫోటో కాదు. మొదట ఎక్స్-రే సంగతి చూద్దాం. 1895 నవంబరు 8న జర్మనీలోని వూర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ అనే ఆచార్యుడు యీ కిరణాలను గుర్తించాడు. డిసెంబరు 22న తన భార్య చేతిని వాటి ముందు వుంచి బొమ్మ తీశాడు. అందులో ఎముకలు, వేలి ఉంగరం కనిపించాయి. కిరణాలు మాంసం గుండా సులువుగా పోతాయి, ఎముక దగ్గర, లోహం దగ్గర ఆగుతాయి. కనుక ఎక్స్-రే ఒక నీడ.

నీడకు ఒక లోపం వుంది. దీపం ముందు రెండు చేతులు ఒకదాని వెనుక ఒకటి పెట్టండి. గోడ మీద ఏ వేలు ముందున్నదో, ఏది వెనుకనున్నదో తెలియదు. ఛాతీ ఎక్స్-రేలో కూడా అంతే. పక్కటెముక, గుండె, ఊపిరితిత్తి అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. మరి కోయకుండా లోపల ఏది ఎక్కడ వుందో తెలుసుకోవడం ఎలా?

పిల్లలూ, కాగితం మీద ఒక లెక్క వేయండి. మూత వేసిన నాలుగు గిన్నెలు వున్నాయి. పై వరుసలో రెండు, కింది వరుసలో రెండు. వాటిలో ఖర్జూరాలు వున్నాయి. మూత తీయకూడదు. పై వరుస మొత్తం 4, కింది వరుస మొత్తం 6 అని చెప్పారు. ఎడమ నిలువు 5, కుడి నిలువు 5 అన్నారు. ఏ గిన్నెలో ఎన్ని? పైన 2, 2; కింద 3, 3 అని ఒకరంటారు. పైన 3, 1. కింద 2, 4 అని మరొకరంటారు. రెండూ సరిపోతాయి! ఇప్పుడు ఐమూలగా కూడా చూసి, ఎడమ పై గిన్నె, కుడి కింది గిన్నె కలిపితే 7 అని చెబితే రెండవ జవాబు ఒక్కటే నిలుస్తుంది. మూత తీయకుండానే లోపలిది తెలిసింది. ఎలా తెలిసింది? ఇంకొక దిక్కు నుంచి చూసినందువల్ల.

సి.టి. స్కాన్ రహస్యం ఇంతే. ఇటువంటి లెక్కకు గణిత సూత్రాన్ని ఆస్ట్రియా దేశపు రాడాన్ 1917లోనే రాశాడు. అప్పుడు దానితో వైద్యానికి పని పడుతుందని ఎవరూ అనుకోలేదు. దక్షిణాఫ్రికాలో పుట్టిన కార్మాక్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు రాడాన్ పని సంగతి తెలియకుండానే తన దారిన తాను లెక్క సాధించి 1963, 1964లలో ప్రకటించాడు. ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. కంపెనీలో పనిచేసే హౌన్స్‌ఫీల్డ్ యంత్రమే తయారు చేశాడు. ఆయన పల్లెలో రైతు ఇంట పెరిగినవాడు, విశ్వవిద్యాలయ పట్టా లేనివాడు. ప్రయోగశాలలో ఆయన మొదటి బొమ్మ కొలతలకు తొమ్మిది రోజులు, కంప్యూటరు లెక్కకు రెండున్నర గంటలు పట్టింది. 1971 అక్టోబరు 1న లండనులోని అట్కిన్సన్ మోర్లే ఆసుపత్రిలో ఒక స్త్రీ తలను మొదటిసారి స్కాన్ చేశారు. మెదడులోని తిత్తి బొమ్మలో స్పష్టంగా కనిపించింది. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కు, కార్మాక్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఆ తొలి యంత్రం తల చుట్టూ 180 దిక్కులలో, దిక్కుకు 160 చొప్పున, 28,800 కొలతలు తీసుకునేది. బొమ్మలో 80 అడ్డం, 80 నిలువు, అంటే 6,400 గళ్ళు. మన లెక్కలో నాలుగు గిన్నెలు, అక్కడ 6,400 గిన్నెలు! ఒక్కొక్క గడికి ఒక్కొక్క అంకె వస్తుంది. నీటికి సున్న, గాలికి మైనస్ 1000, గట్టి ఎముకకు వందల నుంచి వెయ్యి దాటి కూడా. ఆ అంకెలకే నలుపు తెలుపు రంగులు వేసి మనకు చూపిస్తారు. యీ లెక్కను తేలికగా, వేగంగా చేసే పద్ధతిని మన దేశపు శాస్త్రజ్ఞులు జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ 1971లో ప్రకటించారు. వారిద్దరి పేర్లూ కలిపి 'రామ్-లాక్' అని నేటికీ పాఠాలలో చెబుతారు. ఎం.ఆర్.ఐ.లో ఎక్స్-రే వుండదు, పెద్ద అయస్కాంతం వుంటుంది. అయినా అక్కడా యంత్రానికి అందేవి సంకేతాలే, వాటిని బొమ్మగా మార్చేది లెక్కే.

కాబట్టి స్కాన్ బొమ్మ ఒక సాక్షి. సాక్షి చెప్పినదంతా ఖాజీ గారు వెంటనే నమ్మరు గదా, విచారిస్తారు. బొమ్మనూ విచారించాలి. దీనికొక ముచ్చట చెబుతాము. మెదడు పనిచేసేటప్పుడు ఏ భాగంలో చురుకు పెరుగుతుందో చూపే ఒక రకం ఎం.ఆర్.ఐ. వుంది. 2009లో అమెరికాలో కొందరు పరిశోధకులు చచ్చిపోయిన ఒక సాల్మన్ చేపను ఆ యంత్రంలో పెట్టి, దానికి మనుషుల ఫోటోలు చూపించారు. లెక్కలో తగిన జాగ్రత్త పాటించకపోతే ఆ చచ్చిన చేప మెదడులోనూ చురుకు కనిపించింది! జాగ్రత్త పాటించి లెక్కిస్తే ఆ మచ్చ మాయమైంది.

ఎందుకిలా? వెయ్యి మంది పిల్లలకు తప్పా-ఒప్పా అనే పది ప్రశ్నలు ఇచ్చి, చదవకుండా గుడ్డిగా రాయమనండి. దాదాపు ఒకరికి పదికి పది వస్తాయి. ఆ పిల్లవాణ్ణి ఆలిం అని దండ వేసి ఊరేగిస్తామా? మెదడు బొమ్మలో వేలకొద్దీ చిన్న గళ్ళు. ఒక్కొక్కదాన్నీ విడిగా పరీక్షిస్తే కొన్ని ఊరికే మెరుస్తాయి. ఎన్నిసార్లు వెదికామో చెప్పకుండా దొరికినదాన్ని మాత్రమే చూపడం తూకంలో మోసం వంటిది. చేప చెప్పిన పాఠం యిదే.

ఇప్పుడు కంప్యూటర్లే ఎక్స్-రేలు చదువుతున్నాయి. 15 ఏళ్ళు, ఆపై వయసు వారిలో క్షయను వెదకడానికి ఛాతీ ఎక్స్-రేలను కంప్యూటరు చేత చదివించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. మంచి సంగతే. కాని అది అనుమానితులను ఏరడానికి మాత్రమే; రోగం వున్నదీ లేనిదీ తేల్చడానికి కఫం పరీక్ష కావాలి. 2018లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో, న్యుమోనియా గుర్తించడం నేర్చిన కంప్యూటరు, బొమ్మ ఏ ఆసుపత్రి నుంచి వచ్చిందో కూడా పసిగట్టి దాని మీద ఆధారపడుతున్నదని తేలింది. బొమ్మ మూలన పెట్టే చిన్న లోహపు గుర్తును కూడా అది గమనిస్తున్నది. కొత్త ఆసుపత్రికి తీసుకుపోతే దాని తెలివి తగ్గింది. ఎవరి బొమ్మలు చూసి నేర్చిందో వారికే అది బాగా పనికి వస్తుంది. మన బస్తీల వాళ్ళం పరీక్షకే పోకపోతే, మన ఊపిరితిత్తులు ఎలా వుంటాయో ఆ లెక్కకు ఎలా తెలుస్తుంది? మనం లేని లెక్క మనకు సరిపోకపోవచ్చు.

ఇక మన ఇళ్ళ సంగతి. రెండు వారాలు దాటి దగ్గు వున్నా "ఏమీ కాదు, జోషాందా తాగితే పోతుంది" అంటూ కూర్చునేవారు వున్నారు. పరదా అడ్డమని ఆడవాళ్ళను ఎక్స్-రేకు పంపని ఇళ్ళు వున్నాయి. ఆడ ఉద్యోగిని వుంటే ఆమె చేతనే తీయించమని అడగండి, తప్పు లేదు. అడగకుండా ఇంట్లో కూర్చుంటే రోగం ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. మెడలో తావీజు, గొలుసు వుంటే ముందుగా తీసి ఇంటివాళ్ళ చేతికి ఇవ్వండి. లోహపు తావీజు ఎక్స్-రేలో తెల్లని నీడ వేసి అసలు మచ్చను కప్పవచ్చు. ఎం.ఆర్.ఐ. గదిలోకి ఇనుప వస్తువు పోతే ప్రాణాపాయం కూడా. కాసేపు తావీజు తీసినంత మాత్రాన ఈమాన్‌కు లోటు రాదు. గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి.

అలాగని తలనొప్పి వచ్చిన ప్రతిసారీ "డాక్టరు సాబ్, స్కాన్ రాయండి" అని పట్టుబట్టడమూ మంచిది కాదు. ఛాతీ సి.టి. స్కాన్‌లో మామూలు ఛాతీ ఎక్స్-రే కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కిరణాలు పడతాయి. "యీ బొమ్మతో ఏ సంగతి తేలాలి, సాబ్?" అని మర్యాదగా అడగండి. పాత ఫిలిములు, రిపోర్టులు పారవేయకండి. పాతదానితో పోల్చి చూస్తేనే మచ్చ పెరిగిందో లేదో తెలుస్తుంది.

ఇటువంటి సభలలో మన పూర్వుల పేర్లు తలచుకోవడం ఆనవాయితీ. మేమూ తలుస్తాము. వస్తువు మీద పడిన వెలుతురు కంటికి చేరడం వల్లనే చూపు కలుగుతుందని బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ పదకొండవ శతాబ్దంలో ప్రయోగాలతో చూపాడు. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరు నుంచే 'అల్జబ్రా' వచ్చింది. కంప్యూటరు వాళ్ళు నోరారా పలికే 'ఆల్గొరిథం' ఆయన పేరే. అయితే తాతల నేతి మూతి వాసన చూపిస్తే ఆకలి తీరదు. వాళ్ళు గొప్పవాళ్ళయింది తమ తాతల పేర్లు చెప్పి కాదు, లెక్క చేసి.

మా అనుభవంలో మన ఆడపిల్లలు పదవ తరగతి వరకు లెక్కలలో ముందుంటారు. తరువాత "ఆడపిల్లకు లెక్కలెందుకు, బేటీ?" అనే మాట ఒకటి అడ్డం వస్తుంది. ఉర్దూలో చదివినా తెలుగులో చదివినా 3కు 1 కలిపితే 4 మారదు. యీ సంఘం ఏటా పిల్లలకు చేసే సాయంలో, ఇంటర్‌లో లెక్కలు తీసుకునే ఆడపిల్లలకు ఒక వంతు కేటాయించాలని మా మనవి. స్కాన్ గదిలో మన ఆడవాళ్ళు సంకోచపడకుండా వుండాలంటే, ఆ యంత్రం దగ్గర మన ఆడపిల్ల నిలబడి వుండాలి. బొమ్మ నిజం చెబుతున్నదో లేదో విచారించే లెక్క కూడా ఆమెకు వచ్చి వుండాలి.