చేతిపని చేజారనీయవలదు (ఖరగ్‌పూర్ సభలో చేసిన ప్రసంగము)
బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున ఉత్తరాంధ్ర జిల్లాల నుండి ఈ ఖరగ్‌పూర్ కార్ఖానాకు వచ్చిన మన పెద్దలలో వడ్రంగులును ఉండిరి. 1955లో పెరంబూరున ఉక్కు పెట్టెల నిర్మాణము మొదలైన పిదప కొయ్యపెట్టెలు క్రమముగా తొలగినవి. ఉలికి పని తగ్గినది. పని తగ్గినదని విద్యను కూడ వదలుకొందుమా?

క్వార్టరు వసారాలో ఒక పీట చేసి చూడుడు. పచ్చి చెక్కను ముట్టవలదు. ఆరినకొలది అది కుంచించి అతుకులు వదలును. చిత్రికను పోగుల వాలుననే నడపవలెను. గరుకు కాగితము మోటుది ముందు, సన్ననిది తరువాత. లక్క పాలిష్ పలుచగా, ఒక పూత ఆరిన పిదపనే మరొకటి. ఈ బెంగాలు వానలలో తొందరపడినచో మెరుగు తెల్లబారును. పీట అడుగునకు పూత వేయనివాడు, మా దృష్టిలో, సగము పనివాడే!

రిటైరైన వడ్రంగులు మన పేటలలో ఇంకను కొందరున్నారు. అప్రెంటిసు కుర్రవారిని వచ్చే ఆదివారమే వారి కడకు పంపుడు.